జెన్ ఒరిగిన వైనం

2020 అక్టోబరు 11న లైనక్స్ కెర్నల్ 5.9 విడుదలైంది. కొత్త కెర్నల్ వచ్చినప్పుడల్లా అందులో ఏం చేరిందో అందరూ చూస్తారు. ఏం పోయిందో చూసేవాళ్ళు తక్కువ. ఆ విడుదలలో పోయినవాటిలో ఒకటి, జెన్ హైపర్‌వైజర్ మీద 32 బిట్ పారావర్చువల్ గెస్ట్‌గా నడిచే సామర్థ్యం. దాన్ని వాడేవాళ్ళు అప్పటికి దాదాపుగా మిగల్లేదు. నిర్వహణ భారం మాత్రం మిగిలింది. అందుకని తీసేశారు. చేసిన పని సబబైనదే. కానీ తీసేసింది మామూలు కోడు కాదు. వర్చువల్ మెషీన్‌లో నడిచే లైనక్స్ కూడా అసలు యంత్రం మీద నడిచే లైనక్స్‌కు దీటుగా పరుగెత్తగలదని మొదటిసారి లెక్కలతో సహా రుజువు చేసిన పద్ధతి అది. 2003 అక్టోబరులో లోకానికి పరిచయమై, సరిగ్గా పదిహేడేళ్ళకు లైనక్స్ నుంచి సెలవు తీసుకుంది. ఆ పదిహేడేళ్ళలోనే క్లౌడ్ పుట్టింది, పెరిగింది, లోకమంతా అల్లుకుంది. ఆ అల్లిక మొదలైంది ఈ పద్ధతి మీదే.

జెన్ ఎంత ఎత్తుకు ఎదిగిందో తెలియాలంటే, అది పుట్టేనాటికి ఎక్స్86 ప్రాసెసర్ల పరిస్థితి ఏమిటో తెలియాలి.

ఒకే యంత్రాన్ని అనేక యంత్రాలుగా పంచి ఇవ్వడం కొత్త ఊహ కాదు. ఐబీఎం మెయిన్‌ఫ్రేములకు 1972 నాటికే వీఎం/370 వచ్చింది. అలా పంచాలంటే ప్రాసెసర్‌కు ఏ గుణం ఉండాలో 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు సూత్రీకరించారు. యంత్రం స్థితిని తాకే ఆదేశాన్ని అధికారం లేని ప్రోగ్రాము ఇస్తే, ప్రాసెసర్ అక్కడే ఆగి పర్యవేక్షకుడికి కబురు చెయ్యాలి. పర్యవేక్షకుడు, అంటే హైపర్‌వైజర్, ఆ పని తగిన విధంగా చేసి పెట్టాలి. పర్సనల్ కంప్యూటర్లలో పుట్టి సర్వర్లదాకా ఎదిగిన ఎక్స్86 కుటుంబంలో ఈ గుణం లేదు. పెంటియం ఆదేశాలను పరిశీలించిన పరిశోధకులు 2000లో అలా ఆగని ఆదేశాలను పదిహేడింటిని లెక్క తేల్చారు. ఉదాహరణకు పాప్‌ఎఫ్ అనే ఆదేశంతో కెర్నల్ ఇంటరప్టులను ఆపమని అడుగుతుంది. కెర్నల్ తగిన అధికార స్థాయిలో లేకపోతే ప్రాసెసర్ ఆ కోరికను వదిలేస్తుంది. కుదరదని చెప్పదు, ఎవరికీ కబురు పంపదు, తర్వాతి ఆదేశానికి వెళ్ళిపోతుంది. ఇంటరప్టులు ఆగాయనే నమ్మకంతో కెర్నల్ ముందుకు పోయి తప్పులో పడుతుంది.

1998లో పుట్టిన వీఎంవేర్ సంస్థ దీనికొక విరుగుడు కనిపెట్టింది. గెస్ట్ కెర్నల్, అంటే వర్చువల్ మెషీన్‌లోని కెర్నల్, నడుస్తూ ఉండగానే దాని కోడును చదివి, ప్రమాదకరమైన ఆదేశాలను అప్పటికప్పుడు వేరే ఆదేశాలుగా మార్చి నడిపించడం. గొప్ప ఇంజనీరింగ్ అది. గెస్ట్‌కు తాను అసలు యంత్రం మీద లేనన్న సంగతే తెలియదు. కానీ ఆ భ్రమను నిలబెట్టడానికి అయ్యే ఖర్చు తక్కువేం కాదు. సిస్టమ్ కాల్స్, కొత్త ప్రాసెస్‌ల సృష్టి, మెమరీ పేజీల మార్పులు ఎక్కువగా ఉండే పనుల్లో ఆ ఖర్చు బాగా తెలిసేది. పైగా లోపల ఏం జరుగుతోందో చదివి నేర్చుకుందామంటే అది తెరిచిన పుస్తకం కాదు.

కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం కంప్యూటర్ లేబొరేటరీలో అప్పటికి జెనోసర్వర్స్ అనే పరిశోధన నడుస్తోంది. లోకంలో ఎక్కడెక్కడో ఉన్న సర్వర్ల మీద ఎవరి ప్రోగ్రామునైనా నడవనిచ్చి, వాడిన మేరకు లెక్కగట్టి డబ్బు తీసుకోవాలన్నది ఆ పరిశోధన ఆశయం. 1999లోనే ఆ ఊహను వాళ్ళు కాగితం మీద పెట్టారు. నేడు మనం క్లౌడ్ అంటున్నది అదే. ముక్కూమొహం తెలియని వాళ్ళ ప్రోగ్రాములు ఒకే యంత్రం మీద పక్కపక్కన నడవాలంటే వాటి మధ్య గట్టి గోడలు కావాలి. గోడలు ఉన్నా వేగం తగ్గకూడదు. ఆ అవసరంలోంచే జెన్ పుట్టింది. ఇయాన్ ప్రాట్, కీర్ ఫ్రేజర్, స్టీవెన్ హ్యాండ్ తదితరులు దాన్ని తీర్చిదిద్దారు.

వాళ్ళ ఆలోచన సూటిగా ఉంది. గెస్ట్‌ను భ్రమలో ఉంచడానికి ఇంత ఖర్చవుతుంటే, అసలు భ్రమ ఎందుకు? లైనక్స్ సోర్సు చేతిలోనే ఉంది. నువ్వున్నది అసలు యంత్రం మీద కాదని దానికే చెప్పేద్దాం. ప్రమాదకరమైన ఆదేశాలున్న చోట, హైపర్‌వైజర్‌ను నేరుగా పిలిచే హైపర్‌కాల్స్ పెడదాం. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జరిగిన డెనాలీ పరిశోధన ఈ దారికి పారావర్చువలైజేషన్ అని అప్పటికే పేరు పెట్టింది. జెన్ ఆ దారిని మామూలు లైనక్స్‌దాకా, దాని మీద నడిచే మామూలు అప్లికేషన్లదాకా తీసుకువెళ్ళింది. అప్లికేషన్లలో ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు. మార్పులన్నీ కెర్నల్‌లోనే.

ఆ మార్పుల పొందిక చూస్తే ఈనాటికీ ముచ్చటేస్తుంది. ఎక్స్86లో నాలుగు అధికార స్థాయిలున్నాయి. రింగ్ 0లో కెర్నల్, రింగ్ 3లో అప్లికేషన్లు ఉంటాయి. నడుమ ఉన్న రెంటినీ ఎవరూ పెద్దగా వాడలేదు. జెన్ రింగ్ 0లో కూర్చుంది. గెస్ట్ కెర్నల్‌ను రింగ్ 1కి దించింది. ప్రతి అడ్రస్ స్పేస్‌లోనూ పైన 64 మెగాబైట్లు తనకోసం ఉంచుకుని, గెస్ట్ అటు తొంగిచూడకుండా ప్రాసెసర్‌లోని సెగ్మెంటేషన్ సాయంతో హద్దు గీసింది. గెస్ట్ నుంచి జెన్‌కు, జెన్ నుంచి గెస్ట్‌కు మారినప్పుడల్లా అడ్రస్ అనువాదాలను తుడిచి మళ్ళీ నింపుకునే శ్రమ అందువల్ల తప్పింది. పేజీ టేబుళ్ళను గెస్టే రాసుకుంటుంది. రాసినదాన్ని జెన్ సరిచూసి అమలు చేస్తుంది. ఒక్కొక్క మార్పుకూ ఒక్కొక్కసారి పిలవకుండా, మార్పులన్నీ పోగుచేసి ఒకే పిలుపులో అప్పగించవచ్చు. డిస్కు, నెట్‌వర్కుల కోసం పాతకాలపు కార్డులను అనుకరించే తంతు లేదు. గెస్ట్‌కూ అసలు డ్రైవర్‌కూ మధ్య ఉమ్మడి మెమరీలో ఒక రింగ్ బఫర్ ఉంటుంది. ఇటునుంచి కోరికలు, అటునుంచి జవాబులు ఆ రింగ్ గుండానే వెళ్తాయి. గడియారం విషయంలోనూ దాపరికం లేదు. గోడ గడియారం ఎంత నడిచిందో, ఆ గెస్ట్ నిజంగా నడిచింది ఎంతసేపో, రెండూ దానికి తెలుస్తాయి.

ఇంతా చేసి లైనక్స్‌లో మార్చింది 2,995 లైన్లు. ఎక్స్86 కోసం ఉన్న మొత్తం కోడులో అది 1.36 శాతం.

2003 అక్టోబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని బోల్టన్ ల్యాండింగ్‌లో జరిగిన సదస్సులో వాళ్ళు తమ వ్యాసాన్ని సమర్పించారు. దాని పేరు ‘జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ వర్చువలైజేషన్’. ఒకే సర్వరు మీద వంద వర్చువల్ మెషీన్లు నడపగలగడం వాళ్ళు పెట్టుకున్న లక్ష్యం. లెక్కల పనుల్లో జెన్ మీది లైనక్స్‌కూ అసలు యంత్రం మీది లైనక్స్‌కూ తేడా దాదాపు కనిపించలేదు. మిగతా పనుల్లోనూ నష్టం అతి స్వల్పంగా ఉంది. నమ్మలేనంత మంచి ఫలితాలు కదా అని, అమెరికాలోని క్లార్క్‌సన్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఆ ప్రయోగాలను తామే మళ్ళీ చేసి చూశారు. ఫలితాలు నిజమేనని 2004లో ప్రకటించారు. సోర్సు తెరిచి ఉంచినందువల్లే ఆ పరీక్ష సాధ్యమైంది. ఒక గొప్ప వాదన నిలవాలంటే అంతకన్నా మంచి దారి లేదు.

ఆ తర్వాతి నాలుగేళ్ళు జెన్‌వి. 2005లో మరో అద్భుతం చూపారు. నడుస్తున్న వర్చువల్ మెషీన్‌ను ఆపకుండా ఒక సర్వరు నుంచి మరో సర్వరుకు తరలించారు. క్వేక్ 3 ఆట నడుస్తున్న సర్వరును తరలిస్తే ఆట ఆగింది 60 మిల్లీసెకన్లు. ఆడుతున్నవాళ్ళకు తెలియనే లేదు. 2006 ఆగస్టులో అమెజాన్ ఈసీ2ను తెరిచింది. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో ఒక చిన్న బృందం జెన్ మీద కట్టిన సేవ అది. 1.75 గిగాబైట్ల మెమరీ, 160 గిగాబైట్ల డిస్కు ఉన్న లైనక్స్ యంత్రం గంటకు పది సెంట్లకు దొరికింది. కేంబ్రిడ్జ్‌లో కాగితం మీద కన్న కల ఏడేళ్ళలో బజారుకొచ్చింది. అదే ఏడు సూసే తన ఎంటర్‌ప్రైజ్ సర్వర్ 10లో జెన్‌ను చేర్చింది. 2007 మార్చిలో రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 5 జెన్‌తోనే వచ్చింది. ఆ ఆగస్టు 14న వీఎంవేర్ షేర్లు మార్కెట్లోకి వచ్చాయి. మర్నాడే సిట్రిక్స్ సంస్థ, జెన్ సృష్టికర్తలు స్థాపించిన జెన్‌సోర్స్‌ను సుమారు 50 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. అది జెన్ మధ్యాహ్న సూర్యుడిలా వెలిగిన కాలం.

ఆ రోజుల్లో సర్వర్ల బాగోగులు చూసుకున్నవాళ్ళకు జెన్ ఒక చదువు నేర్పింది. యంత్రాన్ని నడిపించే మొదటి గెస్ట్ డామ్‌జీరో. దానికి మెమరీని ముందే ఇంతని కట్టడి చెయ్యాలి, లేకపోతే భారం పెరిగినప్పుడు అందరూ ఇబ్బంది పడతారు. దానికొక ప్రాసెసర్ కోర్‌ను విడిగా కేటాయిస్తే డిస్కు, నెట్‌వర్కు పనులు తడబడవు. టాప్ కమాండులో స్టీల్ అనే అంకె పెరుగుతోందంటే, తప్పు మన ప్రోగ్రాములో లేదు, పక్క గెస్టులు ప్రాసెసర్‌ను ఎక్కువగా వాడుకుంటున్నాయని అర్థం. గెస్ట్ బూటయ్యేటప్పుడు ఒక హెచ్చరిక వచ్చేది. జీలిబ్‌సీలోని టీఎల్‌ఎస్ లైబ్రరీ సెగ్మెంట్లను వాడే తీరు జెన్ గీసిన హద్దుకు అడ్డొస్తోంది, ప్రతిసారీ దాన్ని అనుకరించాల్సి వచ్చి వేగం పడిపోతోంది, ఆ డైరెక్టరీ పేరు మార్చండి అని చెప్పి, అంకెలు లెక్కబెడుతూ కొన్ని సెకన్లు ఆగేది. మేం పేరు మార్చేవాళ్ళం. మెషీన్ తేలికపడేది. ఒక్క డైరెక్టరీ పేరు మార్పు వెనక ప్రాసెసర్ నిర్మాణం, కెర్నల్, సీ లైబ్రరీ, హైపర్‌వైజర్ నాలుగూ ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి ఉన్నాయో కళ్ళకు కట్టేది. వర్చువల్ మెషీన్ల పనితీరు గురించి నా తరం నేర్చుకున్నదంతా ఇలాంటి చోట్ల నేర్చుకున్నదే.

ఆ హెచ్చరికలోనే రాబోయే కష్టమూ ఉంది. జెన్ వేగానికి ఆధారం సెగ్మెంటేషన్. ఆ సెగ్మెంటేషన్ మెల్లగా పోతోంది.

జెన్ వ్యాసం వెలువడడానికి ఆరు నెలల ముందు, 2003 ఏప్రిల్‌లో ఏఎండీ ఆప్టెరాన్ ప్రాసెసర్‌ను విడుదల చేసింది. ఎక్స్86ను 64 బిట్లకు పెంచిన మొదటి ప్రాసెసర్ అది. ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఎలాగూ వాడడం లేదని 64 బిట్ రీతిలో సెగ్మెంట్ల హద్దులను తీసేశారు. రింగ్ 1లో ఉన్న కెర్నల్ నుంచి తనను కాపాడుకోవడానికి జెన్‌కు ఇక దారి లేకపోయింది. దాంతో 64 బిట్ గెస్టుల్లో కెర్నల్‌ను కూడా రింగ్ 3కి దించాల్సి వచ్చింది. కెర్నల్, అప్లికేషన్ ఒకే స్థాయిలో ఉన్నాయి కాబట్టి వాటిని వేరు చెయ్యడానికి రెండు వేర్వేరు పేజీ టేబుళ్ళు. అప్లికేషన్ ఒక సిస్టమ్ కాల్ చేస్తే అది నేరుగా తన కెర్నల్‌కు చేరదు. ముందు జెన్‌కు వెళ్తుంది. జెన్ పేజీ టేబుల్ మార్చి, అప్పుడు కెర్నల్‌కు అందిస్తుంది. తిరుగు ప్రయాణమూ అంతే. 2003లో లెక్కలతో గెలిచిన రూపకల్పనలో ఈ చుట్టుదారి లేదు. లోకం 32 నుంచి 64 బిట్లకు మారేకొద్దీ జెన్ తన మొదటి వేగాన్ని కొద్దికొద్దిగా పోగొట్టుకుంటూ వచ్చింది.

రెండో మార్పు 2005 నవంబరులో మొదలైంది. ఇంటెల్ తన ప్రాసెసర్లలో వీటీ అనే సౌకర్యం పెట్టింది. మరుసటి ఏడు మేలో ఏఎండీ తనది తెచ్చింది. ఆగని ఆదేశాల సమస్యను ప్రాసెసరే తీర్చేసింది. గెస్ట్ కెర్నల్‌ను మార్చకుండానే రింగ్ 0లో నడపవచ్చు. జెన్ దీన్ని కాదనలేదు, 2005 డిసెంబరులో వచ్చిన జెన్ 3.0లోనే దాన్ని స్వీకరించి హెచ్‌వీఎం అనే రీతిని చేర్చింది. అయితే ఆ తొలి తరం సౌకర్యం నెమ్మదిగా ఉండేది. హైపర్‌వైజర్‌లోకి వెళ్ళి రావడం ఖరీదు, పేజీ టేబుళ్ళను ఇంకా సాఫ్ట్‌వేరే మోయాలి. తమ సాఫ్ట్‌వేర్ పద్ధతి కన్నా ఇదే చాలా పనుల్లో వెనకబడుతోందని వీఎంవేర్ ఇంజనీర్లు 2006లో కొలిచి చూపారు. పారావర్చువలైజేషన్‌కు ఢోకా లేదని అందరూ అనుకున్నారు. ఆ భరోసా రెండేళ్ళు కూడా నిలవలేదు. 2007 సెప్టెంబరులో ఏఎండీ బార్సిలోనా ప్రాసెసర్‌లో, 2008 నవంబరులో ఇంటెల్ నెహాలెమ్‌లో, గెస్ట్ మెమరీ అనువాదాన్ని కూడా ప్రాసెసరే చెయ్యడం మొదలుపెట్టింది. పేజీ టేబుల్ మార్చడానికి గెస్ట్ ఎవరినీ అడగనక్కర్లేదు. జెన్ ఎంతో నేర్పుగా చేస్తున్న పనిని సిలికాన్ అంతకన్నా వేగంగా చెయ్యసాగింది.

మూడో మార్పు మనుషుల మధ్య జరిగింది. 2006 అక్టోబరులో, ఇజ్రాయెల్‌కు చెందిన కుమ్రానెట్ అనే చిన్న సంస్థలో పనిచేస్తున్న ఆవి కివిటీ, కేవీఎం అనే కోడును లైనక్స్ కెర్నల్ బృందానికి పంపాడు. ప్రాసెసర్‌లో కొత్త సౌకర్యం ఉందనే ధీమాతో కట్టిన కోడు అది. వేరే హైపర్‌వైజర్ ఎందుకు, లైనక్స్‌నే హైపర్‌వైజర్‌గా మారుద్దాం అన్నది దాని ఆలోచన. వర్చువల్ మెషీన్ ఒక మామూలు ప్రాసెస్. దాన్ని షెడ్యూల్ చేసేది లైనక్స్ షెడ్యూలరే, మెమరీ ఇచ్చేది లైనక్స్ మెమరీ వ్యవస్థే. చిన్న కోడు, చదవడానికి తేలిక. డిసెంబరులో కెర్నల్‌లో కలిసిపోయింది. 2007 ఫిబ్రవరిలో వచ్చిన 2.6.20తో లోకమంతటికీ అందింది. కొన్ని నెలల్లో జరిగిపోయిన పని.

జెన్‌కు ఆ పనికి ఏళ్ళు పట్టింది. దాని డామ్‌జీరో కెర్నల్ 2.6.18 మీద వేసిన పెద్ద పాచ్‌ల మూటగా చాలాకాలం బయటే ఉండిపోయింది. ప్రతి పంపిణీ సంస్థా ఆ మూటను కొత్త కెర్నళ్ళకు తానే మోసుకోవాలి. కొత్త సర్వరు కొంటే దాని నెట్‌వర్కు కార్డుకు పాత కెర్నల్‌లో డ్రైవర్ ఉండదు. లోపలికి చేర్చుకోమని అడిగితే, పరాయి హైపర్‌వైజర్ కోసం మా ఎక్స్86 కోడునంతా ఎందుకు కదపాలని కెర్నల్ పెద్దలు అభ్యంతరం చెప్పారు. వాళ్ళ మాటలో న్యాయం లేకపోలేదు. ఆ 2,995 లైన్లు పరిశోధనశాలలో తక్కువే. వేలమంది కలిసి పెంచుతున్న కెర్నల్‌లో ప్రతి లైనుకూ దాని బాగోగులు చూసే మనిషి కావాలి. గెస్ట్‌గా నడవడానికి కావలసిన కోడు 2007 అక్టోబరులో 2.6.23లో చేరింది. డామ్‌జీరోకు కావలసినదంతా చేరేసరికి 2011 జులై అయ్యింది, కెర్నల్ 3.0 వచ్చింది. ఆ నిరీక్షణలోనే కథ మలుపు తిరిగింది. 2008 సెప్టెంబరులో రెడ్ హ్యాట్ కుమ్రానెట్‌ను 10.7 కోట్ల డాలర్లకు కొనేసింది. 2010 నవంబరులో వచ్చిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 6లో జెన్ హోస్ట్ లేదు. తలుపు తెరుచుకునేనాటికి ఇంట్లో కేవీఎం స్థిరపడిపోయింది. 2011లోనే ఇయాన్ ప్రాట్, జెన్‌సోర్స్‌లో ఆయన సహచరుడు సైమన్ క్రాస్బీ సిట్రిక్స్‌ను విడిచి బ్రోమియం అనే కొత్త సంస్థ పెట్టుకున్నారు.

ఇక్కడ చెప్పుకోవలసిన ముఖ్యమైన సంగతి ఒకటుంది. కేవీఎంకు తొలినాళ్ళలో డిస్కు, నెట్‌వర్కు వేగం లేదు. పాత కార్డులను అనుకరిస్తూ నెమ్మదిగా నడిచేది. ఆ లోటును తీర్చింది రస్టీ రసెల్ రూపొందించిన విర్ట్‌ఐఓ. 2008 జనవరిలో 2.6.24తో కెర్నల్‌లోకి వచ్చింది. గెస్ట్‌లో ముందు భాగం, హోస్ట్‌లో వెనక భాగం, నడుమ ఉమ్మడి మెమరీలో రింగ్. తానున్నది వర్చువల్ మెషీన్‌లోనని తెలిసిన డ్రైవర్. జెన్ నడిచి చూపిన దారే అది. జెన్ ఆలోచనలో కాలానికి నిలిచేది ఏదో, దాన్ని కొత్త తరం తీసుకుంది. ప్రాసెసర్ లోపాలకు కట్టిన కట్లు మాత్రం జెన్ ఒంటి మీదే ఉండిపోయాయి.

జెన్ లోపల కూడా అదే జరుగుతూ వచ్చింది. హెచ్‌వీఎం గెస్టుకు జెన్ పారావర్చువల్ డ్రైవర్లు తొడిగితే, పూర్తి పారావర్చువల్ గెస్టును వేగంలో మించిపోయింది. 2014 జులైలో అమెజాన్ తెచ్చిన టీ2 రకం మెషీన్లు హెచ్‌వీఎం రీతిలో మాత్రమే నడిచేవి. గడియారానికి పట్టిన గతి మరీ బాధాకరం. గెస్టుకు నిజమైన సమయం చెప్పడం జెన్ గర్వంగా చేసిన పని. కానీ ఆ గడియారాన్ని వాడే లైనక్స్ గెస్టుల్లో, టైమెంతని అడిగిన ప్రతిసారీ అప్లికేషన్ కెర్నల్‌లోకి పూర్తి ప్రయాణం చెయ్యాల్సి వచ్చేది. మామూలు యంత్రాల్లో ఆ ప్రయాణమే అక్కర్లేదు. సెకనుకు వేలసార్లు టైము అడిగే డేటాబేసులు, జావా సర్వర్లు అందుకు మూల్యం చెల్లించాయి. గడియారాన్ని ప్రాసెసర్‌లోని టీఎస్‌సీకి మార్చడం ఈసీ2లో లైనక్స్ వేగం పెంచాలనుకునే ప్రతివారూ చెప్పే చిట్కా అయ్యింది. ఒకనాడు వేగం కోసం జెన్ దగ్గరకు వచ్చినవాళ్ళు, వేగం కోసం జెన్ ఇచ్చినదాన్ని పక్కన పెట్టడం నేర్చుకున్నారు.

ఆపైన భద్రత వైపు నుంచి దెబ్బలు తగిలాయి. 2014 అక్టోబరు 1న బయటపెట్టిన ఎక్స్‌ఎస్‌ఏ-108 లోపం కారణంగా అమెజాన్, రాక్‌స్పేస్ తమ సర్వర్లలో అనేకం రీబూట్ చెయ్యాల్సి వచ్చింది. అది హెచ్‌వీఎం భాగంలోది. మరుసటి అక్టోబరులో వెల్లడైన ఎక్స్‌ఎస్‌ఏ-148 అంతకన్నా లోతుగా దిగింది. గెస్ట్ రాసిన పేజీ టేబుళ్ళను సరిచూసే కోడులో, అంటే పారావర్చువలైజేషన్ గుండెలోనే, ఏళ్ళ తరబడి ఎవరికీ కనబడని కన్నం ఉంది. దాని గుండా ఒక గెస్ట్ మొత్తం యంత్రాన్నే స్వాధీనం చేసుకోవచ్చు. భద్రతే ప్రాణంగా జెన్ మీద కట్టిన క్యూబ్స్ ఓఎస్ వాళ్ళు తీవ్రంగా కలతచెందారు. 2018లో వచ్చిన తమ 4.0 విడుదలలో పారావర్చువల్ గెస్టులను వదిలి హార్డ్‌వేర్ సాయం ఉన్న రీతులకు మారారు.

2015లో లినోడ్ అనే క్లౌడ్ సంస్థ జెన్ నుంచి కేవీఎంకు మళ్ళడం మొదలుపెట్టింది. 2017 నవంబరులో అమెజాన్ సీ5 రకం మెషీన్లను ప్రకటించింది. వాటి కింద ఉన్నది కేవీఎం ఆధారంగా కట్టిన నైట్రో హైపర్‌వైజర్. జెన్‌ను లోకమంతా వ్యాపింపజేసిన సంస్థే ముందుకు సాగిపోయింది. రెండు నెలలు తిరక్కుండానే, 2018 జనవరిలో మెల్ట్‌డౌన్ అనే ప్రాసెసర్ లోపం బయటపడింది. జెన్ మీది 64 బిట్ పారావర్చువల్ గెస్టులకు అది సూటిగా తగిలింది. గెస్ట్ కెర్నల్‌ను రింగ్ 3కి దించి, జెన్‌ను అదే అడ్రస్ స్పేస్‌లో ఉంచినందువల్ల, గెస్ట్ జెన్ మెమరీని చదవగలిగే ప్రమాదం వచ్చింది. పేజీ టేబుళ్ళను ఇంకా విడదీసి దాన్ని అడ్డుకున్నారు. అసలే పొడుగైన సిస్టమ్ కాల్ దారి మరింత భారమైంది. లేదా పారావర్చువల్ గెస్టును తీసుకెళ్ళి హార్డ్‌వేర్ సాయంతో నడిచే మరో చిన్న డబ్బాలో పెట్టి కాపాడారు. హార్డ్‌వేర్ సాయం లేకుండానే గెలిచిన పద్ధతి, బతకడానికి హార్డ్‌వేర్ నీడలో తలదాచుకుంది. పాత 32 బిట్ పారావర్చువల్ గెస్టులకు మాత్రం మెల్ట్‌డౌన్ తగల్లేదు. కేంబ్రిడ్జ్ వాళ్ళు మొదట కట్టిన రూపం చివరిదాకా చెక్కుచెదరలేదు. దాన్ని నడిపేవాళ్ళే మిగల్లేదు.

కర్ణుడి చావుకు కారణాలనేకం అంటారు. జెన్ కూలిపోవడానికీ అలాగే పది కారణాలు చెబుతుంటారు: కొనుగోళ్ళు, కెర్నల్ పెద్దల అభ్యంతరాలు, కంపెనీల పోటీ. అవన్నీ నిజమే. కానీ వాటి అడుగున ఉన్న కారణం ఒక్కటే అని నా నమ్మకం. జెన్ తన వేగాన్ని తన చేతిలో లేని రెండు చోట్ల దాచుకుంది. ఒకటి, ఒకానొక కాలపు ప్రాసెసర్ నిర్మాణం. రెండోది, ఇతరులు పెంచుతున్న కెర్నల్. ప్రాసెసర్ మారింది. కెర్నల్ తలుపు ఆలస్యంగా తెరుచుకుంది. 2003లో ఆ రెండు నిర్ణయాలూ తప్పు కావు. అవి తీసుకోకపోతే ఆ వేగం వచ్చేదే కాదు. తప్పు చెయ్యకుండానే ఓడిపోవడం అన్నిటికన్నా బరువైన ఓటమి.

జెన్ నేలమట్టం కాలేదు. 2013లో లైనక్స్ ఫౌండేషన్ నీడకు చేరింది. క్యూబ్స్‌లో ఉంది. ఫ్రాన్స్‌లోని గ్రెనోబ్ల్‌కు చెందిన వేట్స్ సంస్థ ఎక్స్‌సీపీ-ఎన్‌జీ పేరుతో దాన్ని నడుపుతోంది. కార్లలోకి, చిన్న పరికరాల్లోకి వెళ్ళే ప్రయత్నాలు సాగుతున్నాయి. పారావర్చువల్ సుగుణాలను, ప్రాసెసర్ సౌకర్యాలను కలిపిన పీవీహెచ్ రీతి 2014లో జెన్ 4.4తో ప్రయోగాత్మకంగా మొదలై, తర్వాత నిలదొక్కుకుంది. చక్కని రూపకల్పన అది. నాలుగైదేళ్ళ ముందే వచ్చి ఉంటే ఈ కథ వేరేలా ఉండేదేమో. పడిపోయింది జెన్ ఏలిన రాజ్యం. 2022 నవంబరులో అమెజాన్ హైదరాబాదులో తన క్లౌడ్ కేంద్రాలను తెరిచేనాటికి, దాని కొత్త తరం మెషీన్ల కింద జెన్ లేదు. మన ఊళ్ళో ఆ మెషీన్ల మీద పనిచేస్తున్న కుర్రవాళ్ళలో ఆ పేరు వినని వాళ్ళే ఎక్కువ ఉంటారు.

వాళ్ళకు ఈ గాథ తెలియాలన్నదే నా తపన. లైనక్స్ వర్చువల్ మెషీన్ నెమ్మదిగా ఉందని ఎవరైనా వస్తే, డిస్కు, నెట్‌వర్కు విర్ట్‌ఐఓ మీద ఉన్నాయా లేక అనుకరించిన కార్డుల మీదా అని మొదట చూస్తాం. స్టీల్ అంకె చూస్తాం. గడియారం ఏదని చూస్తాం. మెషీన్ ఆగకుండా వేరే సర్వరుకు తరలగలదా అని అడుగుతాం. ఈ ప్రశ్నల్లో ప్రతి ఒక్కటీ జెన్ రోజుల్లో మనుషులు కష్టపడి నేర్చుకున్నదే. గెస్టుకు నిజం చెబితే అది మనకు సాయపడుతుంది అన్న సూత్రాన్ని సాధించి చూపింది జెన్. ఏ నిజాన్ని ఏ పొరలో చెప్పాలో, ఏ పనిని ప్రాసెసర్‌కు వదిలెయ్యాలో తన ఓటమితో నేర్పిందీ జెన్నే. కాలేజీల్లో వర్చువలైజేషన్ పాఠం కేవీఎంతో మొదలై కేవీఎంతో ముగుస్తున్నంతకాలం, విద్యార్థులకు గెలిచిన పద్ధతి తెలుస్తుంది గానీ అది ఎందుకు గెలిచిందో తెలియదు. ఆ తెలివి లేనివాడు నేటి ప్రాసెసర్ లోపాలను ఆసరా చేసుకుని రేపటి వ్యవస్థను కడతాడు. అందుకే 2003 నాటి ఆ వ్యాసాన్ని, దాని పక్కనే 2020లో చెరిపేసిన ఆ కోడును కలిపి చదివించాలి. జెన్‌కు మనం తీర్చగల రుణం అదే.